యాభై ఆరు కిలోలు

తార్నాకలో మేం వెళ్లే జిమ్ము ఈ మధ్య చేతులు మారింది. కొత్త యజమాని గోడలకు నారింజ రంగు వేయించి, పాత సభ్యులందరినీ మళ్లీ ఫారాలు నింపమన్నాడు. పేరు, వయసు, ఎత్తు, బరువు. చివర ఒక ప్రశ్న: మీరు వ్యాయామం ఎందుకు చేయాలనుకుంటున్నారు? దాని కింద నాలుగు గళ్లు. బరువు తగ్గడానికి, కండబలానికి, ఆరోగ్యానికి, ఇతర.

నేను యూనివర్సిటీ క్యాంపస్‌లో పరీక్షల విభాగంలో పనిచేస్తాను. ఇరవై ఆరేళ్లుగా ఇతరుల దరఖాస్తుల్లో తప్పులు పట్టి జీతం తీసుకుంటున్నదాన్ని. అలాంటిదాన్ని "ఆరోగ్యానికి" అన్న గడిలో టిక్కు పెట్టబోయి నన్ను నేనే పట్టుకున్నాను. అబద్ధం. ఐదేళ్ల కింద ఇదే జిమ్ములో ఇదే ప్రశ్నకు మా సాయంత్రం ఆడవాళ్ల బ్యాచ్ మొత్తం ఇదే అబద్ధం రాసింది. ఒక్కామె తప్ప. ఆమె "ఇతర" అన్న గడిలో టిక్కు పెట్టి, పక్కనున్న గీత చాలక ఫారం వెనక్కి తిప్పి రాసింది.

ఆరోగ్యం కోసం జిమ్ముకు వచ్చామని చెప్పేవాళ్లను నేను నమ్మను. ఆరోగ్యం అంత తొందరపెట్టే సరుకు కాదు. మనిషిని సోఫాలోంచి లేపి బయటికి తోసేది ఎప్పుడూ ఇంకేదో చిన్న సంగతి, నలుగురిలో చెప్పుకోలేని సంగతి. మా బ్యాచ్‌లో ఒకావిడ, మొగుడు తనకంటే ముందు జిమ్ములో చేరాడని వచ్చింది. యాభైకి దగ్గరపడ్డ మొగుడు ఉన్నట్టుండి పొట్ట లోపలికి పీల్చి ఫొటోలు దిగుతుంటే ఏ పెళ్లానికైనా ఆరోగ్యం మీద శ్రద్ధ పుడుతుంది. రామంతాపూర్ నుంచి వచ్చే ఇంకొకావిడ, ఆడపడుచు కొడుకు పెళ్లి వీడియోలో తన వీపు తానే చూసుకుని గుర్తుపట్టలేక వచ్చింది.

నా కారణం ఒక వాదన. మా ఆఫీసులో నాకంటే పదిహేనేళ్లు చిన్నవాడు ఒకడున్నాడు. నేను రాసిన ప్రతి ఫైలు కిందా దానికి వ్యతిరేకంగా రెండు వాక్యాలు రాయనిదే వాడికి అన్నం సయించదు. ఒకరోజు ఇద్దరం ఒక సర్క్యులర్ గురించి కింద మొదలుపెట్టి మెట్లెక్కుతూ వాదించుకుంటున్నాం. న్యాయం నా వైపే ఉంది. రెండో అంతస్తు దగ్గర జవాబు కూడా నోటిదాకా వచ్చింది గానీ, ఊపిరి రాలేదు. గోడ పట్టుకుని నిలబడ్డాను. వాడు రెండు మెట్ల పైనుంచి వెనక్కి తిరిగి, "పర్లేదు మేడం, మెల్లగా రండి" అన్నాడు. తిట్టి ఉంటే తిరిగి తిట్టేదాన్ని. జాలిపడ్డాడు. ఆ సాయంత్రమే తార్నాక వెళ్లి ఫారం నింపాను. ఆరోగ్యానికి.

నేను చేరిన రెండు వారాలకు ఆమె వచ్చింది. యాభై ఏడేళ్లుంటాయి. పొట్టి మనిషి. చీర మీద ఖాకీ చొక్కా, మెడలో గుర్తింపు కార్డు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పని దిగి నేరుగా వచ్చినట్టుంది. మా ట్రైనర్ హుషారైన పిల్ల, ఇరవై ఏడు ఇరవై ఎనిమిదేళ్లది. ఫారం చూసి, "ఇతర అంటే ఏంది ఆంటీ?" అని అడిగింది.

"ఒక మనిషిని లేపాలె."

"ఎవర్ని?"

"ఆడమనిషి. యాభై ఆరు కిలోలు. దవఖానల తూచిన్రు."

"లేపి?"

"పక్కకు పెట్టాలె. మూడడుగుల దూరం, గంతే."

పక్కన ట్రెడ్‌మిల్లు మీద నడుస్తున్నావిడ మిషను ఆపేసింది. ఈమె అదేం పట్టించుకోకుండా సంచీలోంచి ఒక సుతిలి తాడు ముక్క తీసింది. దానికి రెండు ముడులున్నాయి. ఒక కొస కాలి కింద తొక్కిపెట్టి, సుతిలి నిటారుగా లాగి, కింది ముడి చూపించి, ఇక్కడినుంచి లేపాలని, పై ముడి చూపించి, ఇక్కడ దించాలని చెప్పింది. ఎన్ని రోజుల్లో అయితదో చెప్పమంది, కుట్టుకిచ్చిన జాకెట్టు ఎప్పుడిస్తారని అడిగినట్టు.

ఆ వారమంతా మా బ్యాచ్‌లో వ్యాయామం తక్కువ, పరిశోధన ఎక్కువ. ఒక ఆడమనిషిని లేపి పక్కన పెట్టడం ఏమిటి? సవతి అని ఒకరు, కోడలని ఇంకొకరు. ఇంటి ముందు బైఠాయించిన ఎవరినో ఎత్తి అవతల పారేయడానికే ఈ తయారీ అని నేను తీర్మానించి, ఆ ఖాకీ చొక్కా, ఆ ముంజేతులు సాక్ష్యంగా చూపించి, ఎదురు చెప్పిన ఇద్దరి నోళ్లు మూయించాను. వాదనలో నేను ఓడిపోయేది మెట్ల మీద మాత్రమే.

ఆదివారాలు మా ట్రైనర్ బ్యాచ్ మొత్తాన్ని క్యాంపస్‌లో నడవమనేది. ఆ ఆదివారం మేమందరం చేతులూపుకుంటూ నడుస్తుంటే, ఆమె రోడ్డు పక్కన ఒక్కో సిమెంటు బెంచీ దగ్గరా ఆగి, సుతిలి పెట్టి కొలుస్తోంది. నాకు ఉండబట్టలేదు. వెనక్కి వెళ్లి, "ఏమ్మా, బెంచీలకు కూడా జాకెట్లు కుట్టిస్తావా?" అన్నాను.

"మంచమెత్తు బెంచి ఏడున్నదో చూస్తున్న మేడం. గాడ నేర్చుకుంటే ఇంట్ల పనికొస్తది."

నాలుగో బెంచీ కింది ముడికి సరిగ్గా సరిపోయింది. దాని మీద కూచుని, ఎవరిదా మంచమని నేను అడిగితే, దాపరికమేం లేకుండా చెప్పేసింది. ఆ యాభై ఆరు కిలోలు ఆమె తోటికోడలు. మొగుడి అన్న భార్య. భువనగిరి దగ్గర ఊళ్లో వ్యవసాయం చేసుకునేది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. పట్నంలో పెద్ద డాక్టరుకు చూపిస్తామని చుట్టాలు తీసుకొచ్చి, రెండ్రోజులు ఉంచుకొమ్మని ఈమె క్వార్టర్‌లో దించి వెళ్లారు. ఆ రెండ్రోజులకు అప్పటికి ఎనిమిది నెలలు.

పగలు పక్కింటావిడ చూసి అన్నం పెడుతుంది. పనికి పెట్టిన ఆయాలు ఇద్దరు వచ్చి ఇద్దరూ పారిపోయారు. తోటికోడలికి సగం మూతి పడిపోయింది గానీ మిగిలిన సగం ఇద్దరి పెట్టట. చిక్కు తిండి దగ్గర లేదు. మంచం మీంచి లేపి, పక్కనే ఉన్న బొక్క కుర్చీలో, అంటే దొడ్డికి కూచునే కుర్చీలో, కూచోబెట్టాలి, మళ్లీ మంచం మీదికి చేర్చాలి. ఈమె ఒక్కతెవల్లా కాక, పక్క క్వార్టర్ల మగవాళ్లు ఇద్దరు వచ్చి సాయం పట్టేవారు. మంచివాళ్లు. అమ్మా అంటూ లేపి, కుర్చీలో పెట్టి, తలుపు దగ్గరగా వేసి బయట నిలబడేవారు, పిలిస్తే మళ్లీ వచ్చేవారు.

"గప్పటిసంది నీళ్లు బంద్ జేసింది," అంది ఆమె. "గోళీ ఏసుకునేటప్పుడు రెండు గుటకలు. పొద్దుగాల చెంబు నింపి పెట్టి పోత. వచ్చి జూస్తే నింపింది నింపినట్టే ఉంటది. కిడ్నీలు పోతయని డాక్టరు రెండుసార్లు తిట్టిండు. ఆమెకు కిడ్నీల కన్న ఇజ్జత్ ఎక్కువ."

నీళ్లు తాగితే కుర్చీ ఎక్కాలి. కుర్చీ ఎక్కాలంటే మగవాళ్లు రావాలి. అందుకని తాగదు. చెప్పడం అయిపోయాక ఆమె తన రెండు అరచేతులూ తిప్పి చూసుకుంది. వర్క్‌షాపులో ఆమె పని క్రేను కింద నిలబడి సైగలివ్వడం. రిపేరుకొచ్చిన బోగీని చక్రాల మీంచి లేపేటప్పుడు, పైన క్రేను నడిపేవాడికి ఈమె చెయ్యి తప్ప ఏదీ కనిపించదు, ఆ మోతలో ఏదీ వినిపించదు. అరచెయ్యి పైకి లేస్తే లేపాలి. పిడికిలి బిగిస్తే ఆపాలి. అరచెయ్యి బోర్లించి కిందికి ఊపితే దించాలి.

"నా చెయ్యి లేస్తే నలభై టన్నుల బోగీ లేస్తది మేడం. ఇంట్ల యాభై ఆరు కిలోలు లేస్తలేదు."

మర్నాడు మా బ్యాచ్‌లో నా సిద్ధాంతాన్ని నేనే ఖండించుకోవాల్సి వచ్చింది. అది కూడా గట్టిగానే వాదించాను.

ఆమెలాంటి మనిషి జిమ్ములో ఎలా ఉంటుందో చెప్పాలి. మేమందరం అద్దం ముందు చోటు కోసం ఒకరినొకరు మోచేతులతో నెట్టుకుంటుంటే, ఆమె అద్దానికి వీపు పెట్టి నిలబడేది. ఎందుకని అడిగితే, బరువు కింద ఉంటే అద్దంలో చూసేదేముందనేది. ఎవరైనా ఇనుము ఎత్తుతున్నారంటే చాలు, చుట్టూ ఉన్నవాళ్లను జరగమని తోసేది. లేచిన బరువు కింద ఎవ్వరూ ఉండకూడదు. అది ఆమె ఒకే ఒక్క సిద్ధాంతం. రెండు కిలోల డంబెల్ ఎత్తుతున్న కాలేజీ పిల్లను కూడా ఆ సిద్ధాంతం కింద ఒంటరిని చేసి నిలబెట్టేది. తాను ఎత్తబోయే ముందు మాత్రం ఒక్క క్షణం ఆగి, కుడి అరచెయ్యి పైకి లేపి, తనకు తానే సైగ ఇచ్చుకునేది. మా ట్రైనర్‌కు అది చిరాకు. ఇక్కడ క్రేన్ లేదు ఆంటీ అంటే, "ఉన్నది గద, నేనే" అనేది.

బలం ఆమెకు తొందరగానే వచ్చింది. ముప్ఫై ఏళ్ల వాళ్లు మూలిగే చోట ఆమె మూలగలేదు. అయినా పని ముందుకు సాగలేదు. మా ట్రైనర్ ఆమె కోసం ఇరవై ఐదు కిలోల ఇసుక మూట ఒకటి తయారుచేయించింది. దాన్ని బెంచీ మీంచి లేపి, తిరిగి, పక్క స్టూలు మీద పెట్టాలి. ఆమె లేపేది, కానీ చేతులు బారచాపి, మూటను ఒంటికి తగలనీయకుండా, పసుపు నీళ్ల బిందె మోసుకెళుతున్నట్టు. రెండు అడుగులకే నడుం పట్టేసేది.

"దగ్గరికి ఆంటీ," అని మా ట్రైనర్ మొత్తుకునేది. "ఛాతీకి ఆనించుకోవాలె. ఎంత దగ్గరుంటే అంత తేలిక. చిన్నపిల్లను ఎత్తుకున్నట్టు పట్టుకోన్రి."

ఆమె తలూపేది. మళ్లీ చేతులు చాపేది. మూడు వారాలు ఇదే తంతు. పాపం ఆంటీకి అర్థం కావడం లేదని మా ట్రైనర్ నాతో వాపోయింది. నాకది నమ్మబుద్ధి కాలేదు. బోగీకి సరిగ్గా ఎక్కడ కొక్కెం తగిలిస్తే అది వంగకుండా లేస్తుందో ముప్ఫై అడుగుల దూరంనుంచి చెప్పగలిగే మనిషికి, బరువు దగ్గరుంటే తేలికని ఒకరు చెప్పాలా?

ఆ సాయంత్రం ఆమె మెట్టుగూడ వైపు నడుస్తుంటే నేనూ పక్కన నడిచాను. నాకు చుట్టూ తిప్పి అడగడం రాదు. తోటికోడలిని ముట్టుకోవడం నీకిష్టం లేదా అని నేరుగానే అడిగాను.

సంచీ భుజం మార్చుకుంది. తరవాత చెప్పింది, నావైపు చూడకుండా. తన భర్త కూడా అదే వర్క్‌షాపులో పనిచేసేవాడు. పనిలో ఉండగానే పోయాడు. ఆయన బదులు ఈమెకు ఉద్యోగమిచ్చారు. దినాల నాడు బంధువులు భోజనాలకు కూచున్నారు. ఈమె పప్పు వడ్డిస్తోంది. తోటికోడలు పక్క ఆకు ఆవిడతో అంటున్న మాట చెవిన పడింది.

"'మొగుడు పోతే పోయిండు, సర్కారు నౌకరి దొరికె, దానికేం తక్కువైంది' అన్నది. ఇన్న. ఆమె ఆకుల గుడ పప్పు ఏసిన. గదే ఆఖరు. ఇర్వై మూడేండ్లయింది, మల్ల మాట్లాడలే."

"ఇప్పుడు కూడా? ఎనిమిది నెలలు ఒకే ఇంట్లో ఉండి?"

"ఏం మాట్లాడాలె? అన్నం పెడితే తెలుస్తది గద, అన్నమని."

నాకు ఆమె మీద కోపం వచ్చింది. న్యాయం ఆమె వైపు ఇంత ఉండగా, దాన్ని ఇలా వృథా చేసుకోవడం నాకు నచ్చలేదు. అలాంటి మాట అన్న మనిషిని ఎందుకు మోయాలని, తీసుకొచ్చిన చుట్టాలను పిలిచి అప్పగించమని, కాకపోతే ఇలాంటివాళ్లను చూసుకునే ఆశ్రమాలు నగరంలో బోలెడున్నాయని, ఒకటి రెండు నేనే కనుక్కుంటానని, ఆలుగడ్డబావి దాకా వాదించాను. అంతా విన్నది. బస్సు రోడ్డు దాటాక చెప్పింది.

"షెడ్డులకు బోగీ వస్తే, ఎవరు తోలిన్రు, ఎందుకు తోలిన్రు అని మేమడుగం మేడం. లోపలికి వచ్చినంక మా పని."

"బాగుపడని బోగీ అయితే?"

"గది గుడ లేపే దించుతం. ఇసిరెయ్యం."

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఊపిరి మాత్రం పుష్కలంగా ఉంది. అంత నడిచినా ఆయాసం రాలేదు. వ్యాయామం ఫలించిందని ఆ పూట తెలిసింది, పనికిరాని చోట.

మూటను దగ్గరికి తీసుకోవడానికి బదులు ఆమె ఇంకో దారి వెతికింది. అది ఒక్క ఆమే చేయగల తప్పు. బోగీని లేపేటప్పుడు కింద నుంచి బెల్టులు వేసి లేపుతారు గదా. పాత నేత చీరను నాలుగు మడతలు వేసి, పేని, తోటికోడలి చంకల కిందినుంచి వెనక్కి తిప్పి, రెండు కొసలూ తన చేతికి చుట్టుకుని లేపింది. ముట్టుకోనక్కరలేదు, మాట్లాడనక్కరలేదు. మనిషి లేచింది కూడా. రెండు రోజులు అలా లేపి, ఇక మగవాళ్లు రానక్కరలేదని చెప్పి పంపేసిందట. మాతో ఆ సంగతి చెబుతున్నప్పుడు ఆమె మొహంలో మొదటిసారి కొంచెం గర్వం చూశాను. నీళ్లు తాగుతోందా అని అడిగాను. రేపో ఎల్లుండో మొదలుపెడుతుందంది.

మూడో రోజు సాయంత్రం ఆమె ఆలస్యంగా వచ్చింది. చొక్కా మార్చుకోలేదు, పలకరించలేదు. నేరుగా ఇసుక మూట దగ్గరికి పోయి, వంగి, రెండు చేతులూ దాని చుట్టూ వేసి, రొమ్ముకు హత్తుకుని లేపింది. మా ట్రైనర్ చప్పట్లు కొట్టబోయి ఆమె మొహం చూసి ఆగిపోయింది. మూట దించకుండానే, నాకు మాత్రమే వినబడేలా చెప్పింది.

"తానం పోస్తుంటే జూసిన. రెండు చంకల కింద ఎర్రగ కోసుకపోయింది. రెండ్రోజుల సంది. నోరు తెరిచి అనలే." మూటను ఇంకాస్త పైకి సర్దుకుంది. "బోగీకి బెల్టు గుర్తు వడితే రంగేస్తం. దీనికేమెయ్యాలె?"

ఆ తరవాత మా ట్రైనర్‌కు సంగతంతా నేనే చెప్పాను. ఇసుక మూటకు కాళ్లుండవని, మనిషిని లేపడం మనిషి మీదే నేర్చుకోవాలని ఆ పిల్ల అంది. అందరూ నావైపు చూశారు. నా బరువు అరవై తొమ్మిది. ఎవరి బరువు ఎంతో అందరికీ తెలిసిన చోటు అది. తోటికోడలి పాత్రకు నేనే అన్ని విధాలా తగినదాన్నని, ముఖ్యంగా నోటి విషయంలో, మా బ్యాచ్ ఏకగ్రీవంగా తేల్చింది.

నన్ను బెంచీ మీద కూచోబెట్టారు. ఎడమ కాలూ చెయ్యీ చచ్చుపడ్డట్టు ఉంచమన్నారు. ఆమె ఎదురుగా వచ్చి, నా మోకాళ్లను తన మోకాళ్ల మధ్య ఇరికించి, నా గడ్డం తన భుజం మీదికి తెచ్చుకుని, రెండు చేతులూ నా వీపు వెనక కలిపింది. గ్రీజు వాసన, కొబ్బరినూనె వాసన, రోజంతా చెమటలో నానిన బట్ట వాసన. పెద్దయ్యాక నన్నెవరూ అలా పట్టుకుని ఎత్తలేదు. గట్టిగా పట్టుకుంటున్నావు, ఊపిరాడడం లేదన్నాను.

"బరువు మాట్లాడొద్దు," అంది ఆమె.

ఒకటి, రెండు అని ముందుకీ వెనక్కీ ఊపి, మూడోసారికి లేపింది. నేల కాళ్ల కింద ఉందో లేదో తెలియని ఒక్క క్షణం. తరవాత చిన్న చిన్న అడుగులతో తిరిగి, స్టూలు మీద ఎంత మెల్లగా దించిందంటే, దిగానని నాకు తెలియడానికి కొంతసేపు పట్టింది. నేను మాట్లాడలేదు. మా బ్యాచ్‌లో అది అప్పటిదాకా జరగని సంఘటన కావడంతో, అందరూ అది కూడా నటనే అనుకున్నారు.

పది పన్నెండు రోజులు అలా నన్ను లేపింది, దించింది. తరవాత రావడం మానేసింది. కట్టిన ఫీజుకు ఇంకా మూడు నెలల గడువు ఉంది. మా ట్రైనర్ ఫోను చేస్తే, "పనయిపోయింది బిడ్డా, ఇగ ఎందుకు?" అందట. ఆ పిల్ల కాస్త మనసు కష్టపెట్టుకుంది. జిమ్ములో చేరినవాళ్లు మానెయ్యడం మామూలే. బద్ధకించి మానేస్తారు, ఇల్లు మారి మానేస్తారు, అలిగి మానేస్తారు. వచ్చిన పని పూర్తిచేసుకుని మానేసినవాళ్లను ఆ పిల్ల ఎప్పుడూ చూడలేదు. ఏమని ఒప్పించాలో తెలియలేదు.

నాకు తెలుసనిపించింది. వ్యాయామం మధ్యలో ఆపకూడదని, కండ వచ్చినంత త్వరగానూ పోతుందని, ఆ వయసులో మరీనని వాదించడానికి ఒక ఆదివారం మధ్యాహ్నం లాలాగూడ వెళ్లాను. రైల్వే క్వార్టర్ల వరసలో ఆమె ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. క్రేనామె అంటే చిన్నపిల్లలు కూడా చూపించారు.

తలుపు తీసి, లోపలికి రమ్మని, కూచోడానికి పీట చూపించి, "జర ఆగు, టైమైంది" అంది. ముందు గదిలోనే మంచం. మంచం మీద తోటికోడలు. నేను ఊహించుకున్నంత రాక్షసిలా లేదు. తెల్లటి జుట్టు నున్నగా దువ్వి ఉంది. మూతి ఎడమ పక్క జారింది, కళ్లు మాత్రం నన్ను కాళ్లనుంచి తలదాకా ఒకసారి కొలిచి, పనికిరాదని తేల్చేశాయి. గూట్లో నీళ్ల చెంబు. నా చూపు మొదట దానిమీదికే పోయింది. దాదాపు నిండుగా ఉంది. అయితే ఇంకా మొదలుపెట్టలేదన్నమాట.

అప్పుడు చూశాను. ఈమె మంచం ఎదురుగా నిలబడి, మాట్లాడకుండా, కుడి అరచెయ్యి పైకి లేపింది. మంచం మీదావిడ బాగున్న చెయ్యిని ఈమె మెడ చుట్టూ వేసింది. మోకాళ్ల మధ్య మోకాళ్లు, భుజం మీద గడ్డం. ఒకటి రెండు ఊపులు. మనిషి లేచింది. సగం తిరిగాక, భుజం మీది ఆ ముసలి చెయ్యి పిడికిలి బిగించింది. ఈమె ఆగింది. కాలికింద చీర కుచ్చిళ్లు ఇరుక్కున్నాయి. కాలితోనే సర్దింది. పిడికిలి విప్పుకుంది. మళ్లీ కదిలారు. కుర్చీ దగ్గర, వీపు మీద ఆ అరచెయ్యి బోర్ల తిరిగి రెండుసార్లు కిందికి తట్టింది. దించింది. ఇరవై మూడేళ్లుగా మాటల్లేని ఇద్దరు ఆడవాళ్లు, ఒకరి చెంప ఒకరికి రాసుకుంటుండగా, క్రేను భాషలో మాట్లాడుకున్నారు.

నేను వాకిట్లోకి వెళ్లి కొంతసేపు నిలబడ్డాను. పిలిస్తే లోపలికి వచ్చాను. తోటికోడలు మళ్లీ మంచం మీద, దిండుకు ఆని కూచుంది. నన్ను చూసి మాట్లాడింది. మాటలు సగం నమిలినట్టున్నాయి గానీ, అర్థమయ్యాయి.

"నువ్వేనా పక్కింటామె చెప్పిన ఆఫీసరమ్మవు? గా జిమ్ముల ఇన్ని రోజులు నేర్పింది గింతేనా? చెప్పు దానికి. గట్టిగ పడ్తున్నది, ఊపిరాడ్తలేదు."

ఈమె బొక్క కుర్చీ కడిగి తెస్తూ, గుమ్మంలోంచే అంది. "వదులుగ పడ్తే కింద పడ్తదని చెప్పు ఆమెకు."

ఇద్దరి మధ్యా నేను. ఎవరి వైపు మాట్లాడాలో తోచలేదు. ఇద్దరూ సమంగా న్యాయమే చెబుతున్నారు. చెప్పాల్సిన రెండు మాటలూ అటూ ఇటూ చేరవేశాను. నా జీవితంలో ఎవరి మాటా మార్చకుండా, నా మాట ఒకటి కలపకుండా చేరవేసింది అదే మొదటిసారి. ఇరవై మూడేళ్ల కిందటి మాట కూడా ఎవరైనా ఎత్తుతారేమోనని చూశాను. ఎవరూ ఎత్తలేదు. ఈమె వచ్చి మంచం పట్టె మీద కూచుని చేతులు తుడుచుకుంది.

తోటికోడలు గూటి వైపు చూసింది. "దూప అయితున్నది. నీళ్లు పొయ్యమను."

"నీళ్లు కావాలంట," అన్నాను.

ఈమె లేచి, చెంబు వంచి, స్టీలు గ్లాసు నింపి ఇచ్చింది. ఆవిడ కుడి చేత్తో పట్టుకుని, జారిన మూతి పక్కనుంచి సగం గడ్డం మీదికి కారుతుంటే, ఆగి ఆగి, అడుగుదాకా తాగింది. తాగుతున్నంతసేపూ ఈమె ఆ గొంతు వైపే చూసింది, పైకి లేచిన బరువు వైపు చూసినట్టు. గ్లాసు ఖాళీ అయింది. ఆవిడ దాన్ని వెనక్కి ఇవ్వలేదు. ముందుకు చాపింది. నావైపు చూడలేదు.

"ఇంకింత పొయ్యి."

ఈమె చేతిలో చెంబు ఒక్క క్షణం ఆగింది. నేను చెప్పాలేమోనని నోరు తెరిచాను.

"సగమా, నిండుగనా?" అని అడిగింది ఈమె, ఆవిడనే.